రెండు పడవల మీద కాళ్లు: రగ్బీ యూనియన్ ఆటగాడి వృత్తి జీవితం ఎలా నడుస్తుంది?

2025 అక్టోబరులో ఎనిమిది దేశాల రగ్బీ సంఘాలు కలిసి ఒక ప్రకటన చేశాయి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్, ఐర్లండ్, స్కాట్లండ్, ఫ్రాన్స్, ఇటలీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆర్360 పేరుతో రాబోతున్న కొత్త లీగ్‌లో చేరే ఆటగాళ్లను జాతీయ జట్టుకు ఎంపిక చేయబోమన్నది ఆ ప్రకటన సారాంశం. అప్పటికి ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. మరుసటి నెలలో నిర్వాహకులే ప్రారంభాన్ని 2026 నుంచి 2028కి జరిపారు.

ఇంకా పుట్టని లీగ్‌ను చూసి ఇన్ని సంఘాలు ఎందుకు కలవరపడ్డాయి? జీతం ఎక్కడ ఎక్కువ ఇస్తే అక్కడికి వెళ్లే హక్కు ఆటగాడికి లేదా? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే ముందు ఒక విషయం తెలియాలి. రగ్బీ ఆటగాడికి యజమానులు ఇద్దరు. నెల నెలా జీతం ఇచ్చేది ఒకరు, అతని పేరుకు విలువ తెచ్చేది మరొకరు. ఇద్దరికీ కావలసింది ఒకే శరీరం. అది కూడా చాలామందికి పది, పన్నెండేళ్ల పాటే.

కూలి డబ్బుల దగ్గర చీలిన ఆట

రగ్బీ పేరుతో రెండు ఆటలున్నాయి. యూనియన్‌లో జట్టుకు 15 మంది ఆడతారు, లీగ్‌లో 13 మంది. ఇవి విడిపోవడానికి మూలం ఆట నియమాల్లో లేదు, కూలి డబ్బుల్లో ఉంది. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు మ్యాచ్ కోసం పని మానేస్తే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టాన్ని భర్తీ చేయనివ్వాలని అక్కడి క్లబ్బులు అడిగాయి. ఆటను నడిపే పెద్దలు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఆ క్లబ్బులు సమావేశమై వేరుపడ్డాయి. రగ్బీ లీగ్ అలా పుట్టింది.

మిగిలిన యూనియన్ ఆ తర్వాత సరిగ్గా నూరేళ్లు డబ్బు ముట్టని ఆటగా ఉండిపోయింది. ఈ నియమాన్ని ఎంత కఠినంగా అమలు చేసేవారో చెప్పడానికి బిల్ బ్యూమాంట్ ఉదంతం చాలు. ఇంగ్లండ్ కెప్టెన్‌గా చేసిన ఆయన 1982లో ఆట మానేశాక ఆత్మకథ రాశారు. దాని మీద వచ్చిన డబ్బు తానే ఉంచుకున్నారు. అంతే, ఆయన మీద 'వృత్తి ఆటగాడు' అన్న ముద్ర పడింది, ఆటలో ఏ బాధ్యతా చేపట్టే వీలు లేకుండా పోయింది. అదే బ్యూమాంట్ 2016లో ప్రపంచ రగ్బీ సంస్థకు అధ్యక్షుడయ్యారు. ఒక మనిషి జీవితకాలంలోనే ఆట ఎంత దూరం వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

1995లో ఆ గోడ కూలింది. దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్ ముగింపుకు వస్తున్న రోజుల్లోనే దక్షిణార్ధగోళపు మూడు దేశాల సంఘాలు పదేళ్ల టీవీ హక్కులను 55.5 కోట్ల డాలర్లకు అమ్మాయి. ఆడేవాడికి రూపాయి లేదు, ఆటకు కోట్లు వస్తున్నాయి. అదే సమయంలో, 1977లో సొంత పోటీలతో క్రికెట్‌ను కుదిపేసిన ఆస్ట్రేలియా మీడియా అధిపతి కెర్రీ ప్యాకర్ అండతో ఒక తిరుగుబాటు రగ్బీ సంస్థ మేటి ఆటగాళ్లతో రహస్యంగా సంతకాలు చేయించుకోవడం మొదలుపెట్టింది. ప్రపంచకప్ గెలిచిన దక్షిణాఫ్రికా ఆటగాళ్లు చివరకు తమ సంఘంతోనే ఉండిపోవడంతో ఆ ప్రయత్నం వీగిపోయింది. కానీ ఆటగాళ్లకు డబ్బు ఇవ్వక తప్పదని సంఘాలకు అర్థమైంది. ఆ ఏడాది ఆగస్టు 26న పారిస్‌లో అంతర్జాతీయ బోర్డు డబ్బు తీసుకుని ఆడేందుకు తలుపు తెరిచింది.

ఆ తర్వాత జరిగిన ఒక చిన్న విషయం నేటి గందరగోళానికి బీజం. న్యూజిలాండ్ లాంటి దేశాల్లో సంఘమే వెంటనే ఆటగాళ్లతో ఒప్పందాలు చేసుకుంది. ఇంగ్లండ్ సంఘం మాత్రం ఒక సీజన్ పాటు ఆగి చూద్దామంది. ఆ ఖాళీలో ధనవంతులు క్లబ్బులను కొన్నారు, ఆటగాళ్లను ఒప్పందాల్లోకి తీసుకున్నారు. సంఘం కళ్లు తెరిచేసరికి ఆటగాళ్లు క్లబ్బుల ఉద్యోగులైపోయారు. ముప్పై ఏళ్లు గడిచినా ఇంగ్లండ్‌లో ఆ పేచీ పూర్తిగా తీరలేదు.

జీతం చీటీ మీద ఎవరి సంతకం?

ఇప్పుడు ప్రపంచంలో స్థూలంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది క్లబ్బు యజమాన్యం. ఫ్రాన్స్ టాప్ 14, ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్ ఇలా నడుస్తాయి. క్లబ్బు ప్రైవేటు సంస్థ, ఆటగాడు దాని ఉద్యోగి. ఒప్పందాలు సాధారణంగా రెండు, మూడేళ్లవి. ఫుట్‌బాల్‌లో మాదిరిగా ఒక క్లబ్బు మరో క్లబ్బుకు కోట్లు చెల్లించి ఆటగాణ్ని కొనడం రగ్బీలో అరుదు. ఒప్పందం ముగిసేదాకా ఆగి, అప్పుడు మారడమే రివాజు.

రెండోది సంఘం యజమాన్యం. న్యూజిలాండ్‌లో ఆటగాడి ప్రధాన ఒప్పందం జాతీయ సంఘంతోనే. ఐర్లండ్‌లో లీన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కానాక్ట్ అనే నాలుగు ప్రాంతీయ జట్లు సంఘం గొడుగు కిందే ఉన్నాయి, కీలకమైన కొందరికి సంఘం నేరుగా జీతమిస్తుంది. ఏ ఆటగాణ్ని ఏ వారం విశ్రాంతికి పంపాలో జాతీయ కోచ్ చెప్పగలడు, ప్రాంతీయ జట్టు వినాలి. జానీ సెక్స్‌టన్ 38 ఏళ్ల వయసులో 2023 ప్రపంచకప్‌లో ఐర్లండ్‌కు నాయకత్వం వహించగలిగాడంటే, ఈ పొదుపైన వాడకం ఒక కారణమని చాలామంది అంటారు.

మూడోది జపాన్ తరహా. అక్కడ జట్లు పెద్ద కంపెనీల పెంపకంలో ఎదిగాయి. తోషిబా, సంతోరీ, టొయోటా, కోబె స్టీల్ అన్నీ రగ్బీ జట్లున్న కంపెనీలే. విదేశాల నుంచి వచ్చిన తారలు పూర్తికాలపు వృత్తి ఆటగాళ్లు. జపాన్ ఆటగాళ్లలో ఎందరో ఆ కంపెనీ ఉద్యోగులు. ఆట ముగిశాక అదే కంపెనీలో కుర్చీ ఉంటుంది. 2022లో మొదలైన లీగ్ వన్ వృత్తి ఆటవైపు మొగ్గినా ఈ సంప్రదాయం పోలేదు. భద్రత విషయంలో ఈ పాత పద్ధతికి దీటైనది మిగతా రెండింట్లో నాకు కనిపించదు.

జీతాల పరిమితిని ఒక లెక్కతో చూద్దాం

ధనవంతుడైన యజమాని మంచి ఆటగాళ్లందరినీ ఒకేచోట పోగు చేయకుండా ఫ్రాన్స్, ఇంగ్లండ్ లీగుల్లో ఒక్కో క్లబ్బు జీతాలకు గరిష్ఠ పరిమితి ఉంది. ఇంగ్లండ్‌లో 2024-25 సీజన్ నుంచి అది 64 లక్షల పౌండ్లు. ఒక్క తారను మాత్రం లెక్కలోంచి తప్పించవచ్చు.

ఇతర మినహాయింపులను పక్కన పెట్టి, ఒక ఊహాజనిత క్లబ్బును తీసుకుందాం. జట్టులో 40 మంది. ఒక తార లెక్క బయట ఉన్నాడు. మరో ముగ్గురికి తలా 4 లక్షలు, అంటే 12 లక్షలు. ఐదుగురు అంతర్జాతీయ ఆటగాళ్లకు తలా 2.5 లక్షలు, అంటే 12.5 లక్షలు. మొత్తం 24.5 లక్షలు ఎనిమిది మంది దగ్గరే ఖర్చయింది. మిగిలిన 39.5 లక్షలను 31 మంది పంచుకోవాలి. సగటున తలకు దాదాపు 1.27 లక్షల పౌండ్లు. కొత్త కుర్రాళ్లు ఇందులో సగానికే దొరుకుతారు.

ఇక్కడే మధ్యస్థాయి ఆటగాడి కష్టం మొదలవుతుంది. 29 ఏళ్లు, నమ్మకమైన ఆట, దేశానికి ఆడినవాడు కాదు, జీతం 1.5 లక్షలు అనుకుందాం. అతని ఒప్పందం ముగిసిన ఏడాదే తారకు జీతం పెంచాల్సి వస్తే క్లబ్బు ముందు తేలికైన దారి ఒకటుంది. ఇతన్ని వదిలేసి, 60 వేలకు 21 ఏళ్ల కుర్రాణ్ని తీసుకోవడం. అతని ఆటలో లోపం ఏమీ ఉండనక్కర్లేదు. వార్తల్లో కనిపించేది తారల జీతాలే గానీ, వృత్తి రగ్బీలో ఎక్కువ మంది బతుకు ఈ మధ్య వరుసలోనే ఉంది.

పరిమితి దాటితే ఏమవుతుందో సారసెన్స్ క్లబ్బు చూపించింది. 2019లో ఆ క్లబ్బుకు 53.6 లక్షల పౌండ్ల జరిమానా, 35 పాయింట్ల కోత పడ్డాయి. ఆ సీజన్ చివర కింది డివిజన్‌కు పంపేశారు. యూరప్ విజేతగా ఉన్న జట్టు అది.

ఫ్రాన్స్‌లో మరో అడ్డుగోడ ఉంది. అక్కడ దాన్ని జిఫ్ అంటారు. మ్యాచ్ జట్టులో స్థానికంగా తయారైన ఆటగాళ్లు తగినంత మంది ఉండాలన్నది నియమం. ఈ లెక్కలో పుట్టుక, పౌరసత్వం చూడరు, ఎక్కడ శిక్షణ పొందాడన్నదే చూస్తారు. చిన్న వయసులో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో మూడు సీజన్లు గానీ, ఫ్రాన్స్ సమాఖ్య లైసెన్సుతో ఐదు సీజన్లు గానీ గడపాలి. ఫిజీలో పుట్టినవాడు కూడా 18 ఏళ్లకే ఫ్రాన్స్ చేరితే జిఫ్ కాగలడు. ఫ్రాన్స్ యువతకు అవకాశాలు పెంచేందుకు తెచ్చిన నియమం, ఇంకా మీసాలు రాని ఫిజీ కుర్రాళ్లను వేల మైళ్లు దాటించడానికీ కారణమైంది.

జెర్సీ అనే పగ్గం

దేశం తరఫున ఆడిన ఒక్కో మ్యాచ్‌ను ఒక క్యాప్ అంటారు. వెల్ష్ ఆటగాడు ఆలన్ విన్ జోన్స్ వేల్స్ తరఫున 158, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ తరఫున 12, మొత్తం 170 క్యాపులు ఆడి రికార్డు నెలకొల్పాడు. క్యాపులు పెరిగితే ప్రకటనలు వస్తాయి, తర్వాతి ఒప్పందంలో ధర పెరుగుతుంది, ఆట మానేశాక కూడా పేరు నిలుస్తుంది. ఆదాయం పరంగానూ సంఘాలకు అసలు పంట అంతర్జాతీయ మ్యాచ్‌లే. ఏటా ఆరు యూరప్ దేశాల మధ్య జరిగే సిక్స్ నేషన్స్‌కు, ప్రపంచకప్‌కు నిండే స్టేడియాలే గ్రామీణ క్లబ్బుల దాకా ఆటను పోషిస్తాయి.

ప్రపంచ రగ్బీ నియమావళిలోని తొమ్మిదో నిబంధన ప్రకారం, నిర్ణీత అంతర్జాతీయ వారాల్లో ఏ దేశపు క్లబ్బయినా ఆటగాణ్ని అతని దేశం జట్టుకు విడిచిపెట్టాలి. అయితే దేశం అతన్ని పిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఒక్కో సంఘానిది ఒక్కో తీరు.

న్యూజిలాండ్‌ది అందరికన్నా గట్టి గీత. స్వదేశంలో ఆడేవాడికే నల్ల జెర్సీ. జట్టు ఆటను నడిపించే స్థానమైన ఫ్లై హాఫ్‌లో ఆడే రిచీ మోఉంగా 2023 ప్రపంచకప్ ఫైనల్ ఆడి జపాన్ వెళ్లాడు. తోషిబా జట్టుతో లీగ్ గెలిచాడు, జీతమూ పెరిగింది. కానీ అక్కడ ఉన్నన్నాళ్లూ న్యూజిలాండ్ జట్టైన ఆల్ బ్లాక్స్ తలుపు మూసే ఉంది. 2027 ప్రపంచకప్ ముందుండగా అతను మళ్లీ స్వదేశంతో ఒప్పందం చేసుకున్నాడు. అందరూ వెళ్లిపోకుండా అక్కడి సంఘం సీనియర్లకు విరామ సీజన్ ఇస్తుంది. ఒక సీజన్ విదేశంలో సంపాదించుకుని తిరిగి రావచ్చు. 2008-09లో డాన్ కార్టర్ అలాగే ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్‌కు వెళ్లాడు. కొద్ది మ్యాచ్‌లకే మడమ స్నాయువు తెగి తిరిగొచ్చాడు.

వేల్స్ గీత సంఖ్యలో ఉంటుంది. ఇదివరకు విదేశీ క్లబ్బులో ఆడేవాడికి 60 క్యాపులుండాలి. 2023 ఫిబ్రవరిలో ఒప్పందాల తీరుపై విసిగిన ఆటగాళ్లు ఇంగ్లండ్‌తో మ్యాచ్ ముందు సమ్మె హెచ్చరిక చేశాక ఆ సంఖ్యను 25కు దించారు. ఈ మార్పు విలువ లూయీ రీస్-జామిట్ విషయంలో తెలుస్తుంది. మైదానం అంచున పరుగెత్తే ఈ వింగ్ ఆటగాడు 32 క్యాపుల తర్వాత, 22 ఏళ్ల వయసులో, రగ్బీ వదిలి అమెరికన్ ఫుట్‌బాల్ ప్రయత్నించాడు. 2025లో తిరిగొచ్చి ఇంగ్లండ్ క్లబ్బు బ్రిస్టల్‌లో చేరాడు. పాత నియమమే ఉంటే వేల్స్ ఎర్ర జెర్సీ అతనికి అందేది కాదు. 25 నియమంలో అందింది.

ఇంగ్లండ్ కూడా అసాధారణ పరిస్థితుల్లో తప్ప విదేశాల్లో ఆడేవారిని తీసుకోదు. 2024 నుంచి ఓ పాతిక మంది దాకా కీలక ఆటగాళ్లతో సంఘం, క్లబ్బు కలిసి ఉమ్మడి ఒప్పందం చేసుకునే పద్ధతి తెచ్చింది. 1995లో జారవిడుచుకున్న పగ్గాన్ని కొంతైనా తిరిగి పట్టుకునే ప్రయత్నం ఇది.

దక్షిణాఫ్రికా దారి పూర్తిగా వేరు. ఆటగాడు ప్రపంచంలో ఎక్కడున్నా పిలుస్తుంది. 2023 ఫైనల్‌లో మొదటి నుంచీ ఆడిన స్క్రమ్ హాఫ్ ఫాఫ్ డి క్లర్క్ అప్పుడు జపాన్ క్లబ్బు ఆటగాడు. ఆ మ్యాచ్‌లో న్యూజిలాండ్‌ను 12-11తో ఓడించి దక్షిణాఫ్రికా వరుసగా రెండో కప్పు గెలిచింది.

దీన్నిబట్టి కఠిన నియమాలు అనవసరమని ఒక వాదన. బతుకుతెరువు కోసం దేశం దాటినవాణ్ని శిక్షించడం ఏ ఉద్యోగంలోనూ ఒప్పుకోమని ఆటగాళ్ల పక్షం అడుగుతుంది. సంఘాల సమాధానమూ కొట్టిపారేయదగింది కాదు. తలుపులు తెరిస్తే మొదట తారలు వెళ్తారు, వారి వెనక ప్రేక్షకులు, ఆ వెనక టీవీ డబ్బు. తర్వాత తరం కుర్రాళ్లు ఎవరి పక్కన ఆడి నేర్చుకోవాలి? దక్షిణాఫ్రికాకు ఆటగాళ్ల సంపద అపారం, విదేశీ జీతాలతో పోటీపడే స్తోమత మాత్రం లేదు. అక్కడ గీత గీసినా నిలిచేది కాదు. అది న్యూజిలాండ్‌కు నమూనా అవుతుందని నేను అనుకోను.

ఏ దేశానికి ఆడవచ్చు?

పాస్‌పోర్టు ఒక్కటే సరిపోదు. ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లో గానీ, తాత, అమ్మమ్మ, నానమ్మల్లో గానీ ఒకరు అక్కడ పుట్టి ఉండాలి, లేదా ఆటగాడు ఏళ్ల తరబడి అక్కడే ఉండి ఆడుతూ ఉండాలి. నివాసం ఒకప్పుడు మూడేళ్లు చాలేది. తర్వాత ఆ గడువును ఐదేళ్లకు పెంచారు.

గతంలో ఒకసారి ఒక దేశానికి ఆడితే దాదాపు జీవితాంతం ఆ ముడి విడేది కాదు. 2022 జనవరి 1 నుంచి ఒకసారి మారే వీలు కల్పించారు. ఉదాహరణకు, ఆక్లాండ్‌లో పుట్టిన ఒక ఆటగాడి నానమ్మ సమోవాలో పుట్టిందనుకుందాం. అతను 23 ఏళ్లకు న్యూజిలాండ్ తరఫున రెండు మ్యాచ్‌లు ఆడాడు, తర్వాత పిలుపు రాలేదు. పాత నియమంలో అతని అంతర్జాతీయ జీవితం అక్కడితో సమాప్తం. కొత్త నియమంలో చివరి మ్యాచ్ తర్వాత 36 నెలలు గడిస్తే సమోవాకు ఆడవచ్చు. తనకో, తల్లిదండ్రులకో, వారి తల్లిదండ్రులకో ఆ నేల మీద పుట్టుక ఉంటేనే ఈ వీలు. నివాసం చూపి మారడం కుదరదు. ఆల్ బ్లాక్స్‌కు ఆడిన చార్ల్స్ పియుటౌ ఈ దారిలోనే 2022లో టోంగాకు ఆడాడు.

పసిఫిక్ ద్వీపాల విషయంలో ఈ మార్పు న్యాయమైనదనే నా అభిప్రాయం. సమోవా, టోంగా, ఫిజీ దశాబ్దాలుగా ఇతర దేశాల జట్లను నింపుతూ వచ్చాయి. తమ సొంత ఆటగాళ్లకు చెల్లించే స్తోమత వాటికి లేదు. దేశానికి ఆడకుండా ఉండాలని కొన్ని యూరప్ క్లబ్బులు ఒత్తిడి తెస్తాయన్న ఆరోపణ చాలాకాలంగా ఉంది. ఆటగాడు ఇంటికి పంపే డబ్బు మీద కుటుంబం మొత్తం ఆధారపడినప్పుడు ఆ ఒత్తిడికి ఎదురు నిలవడం సులువు కాదు. 2022లో ఫిజియన్ డ్రువా, మోఆనా పసిఫికా జట్లు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా జట్లు ఆడే సూపర్ రగ్బీ లీగ్‌లో చేరడంతో కొందరికైనా ఇంటికి దగ్గరగా జీతం దొరికే దారి ఏర్పడింది. మరోవైపు, జెర్సీ మార్చుకునే వీలు ఇస్తే దేశం తరఫున ఆడటానికున్న అర్థం పలచబడుతుందన్నవారూ ఉన్నారు. 36 నెలల ఎడబాటు పెట్టింది ఆ భయానికే.

ప్రాప్‌కు ముప్పై వస్తేనే ఓనమాలు

రగ్బీ వృత్తిలో వయసు అందరికీ ఒకేలా పనిచేయదు. వింగ్ ఆటగాడికి పెట్టుబడి వేగం. 20 ఏళ్లకే మెరుస్తాడు. తొడ వెనక కండరం రెండుసార్లు చిరిగితే ధర పడిపోతుంది.

ప్రాప్ సంగతి పూర్తిగా భిన్నం. స్క్రమ్‌లో ఎనిమిది మందికి ఎనిమిది మంది ఎదురెదురుగా తలలు దూర్చి తోసుకుంటారు. ముందు వరుసలో మధ్యన హుకర్, అతనికి రెండు వైపులా ప్రాప్‌లు. ఎడమవైపు లూజ్‌హెడ్‌కు ఒక భుజం బయటికి స్వేచ్ఛగా ఉంటుంది. కుడివైపు టైట్‌హెడ్ తల మాత్రం ఎదుటి జట్టు ఇద్దరి మధ్య ఇరుక్కుంటుంది, ఆ బరువంతా అతని మెడ, వెన్ను మోస్తాయి. ఎదుటివాడి భుజం ఏ కోణంలో కదిలితే తన పాదం ఎక్కడ పెట్టాలో పుస్తకాల్లో దొరకదు, వందల స్క్రమ్‌లలో ఓడి నేర్చుకోవాలి. అందుకే మంచి టైట్‌హెడ్‌లు ఇరవైల చివర పండుతారు, ముప్పై దాటాక కూడా గిరాకీ ఉంటుంది.

గిరాకీకి చట్టం కూడా తోడైంది. పెద్ద మ్యాచ్‌లకు 23 మంది జట్టులో ముందు వరుసలో ఆడగల శిక్షణ ఉన్నవారు ఆరుగురు ఉండాలి. శిక్షణ లేనివాణ్ని అక్కడ నిలబెడితే మెడ విరిగే ప్రమాదం. అంటే ప్రతి క్లబ్బుకూ మ్యాచ్ రోజున ఇద్దరు టైట్‌హెడ్‌లు, గాయాల కోసం ఇంకా ఒకరిద్దరు కావాలి. స్టేడియంలో అతని పేరు రాసిన బ్యానర్లు కనిపించవు. ఒప్పందాల బేరంలో మాత్రం అతని మాటకు బరువుంటుంది.

తలలో మిగిలేది, తలలోంచి పోయేది

రగ్బీ ఆటగాడి ఉద్యోగంలో ఢీకొనడం రోజువారీ పని. శని, ఆదివారాల్లో మ్యాచ్ ఆడితే మంగళవారానికి గానీ మామూలుగా మెట్లు దిగలేమని చెప్పినవాళ్లున్నారు. మోకాలు, భుజం, మెడ ఒకదాని తర్వాత ఒకటి వంతులేసుకుని మొరాయిస్తాయి. వేల్స్‌కు కెప్టెన్‌గా చేసి, 2013, 2017 లయన్స్ పర్యటనలకూ నాయకత్వం వహించిన సామ్ వార్‌బర్టన్ 2018లో 29 ఏళ్లకే తప్పుకున్నాడు. మోకాలి, మెడ శస్త్రచికిత్సల తర్వాత శరీరం ఇక మాట వినలేదు.

విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తుంది. తలకు తగిలేది అలా కాదు. దెబ్బకు మెదడు అదిరి కాసేపు దాని పని దెబ్బతినడాన్ని కంకషన్ అంటారు. స్పృహ తప్పనక్కర్లేదు. తల తిరగడం, మాట తడబడటం, ఏ మ్యాచ్ ఆడుతున్నాడో మరవడం కూడా లక్షణాలే. అనుమానం వస్తే ఆటగాణ్ని బయటికి తెచ్చి పరీక్షించే పద్ధతి 2012లో మొదలైంది. ఇప్పుడు మ్యాచ్ సమయంలో, మ్యాచ్ తర్వాత, ఒకటి రెండు రోజులకు మళ్లీ, ఇలా మూడు దశల్లో పరీక్షిస్తారు. కంకషన్ చరిత్ర ఉన్నవాళ్లు, స్పష్టమైన లక్షణాలతో మైదానం వీడినవాళ్లు కనీసం 12 రోజులు ఆడకూడదని 2022లో నియమం పెట్టారు. 2024 నుంచి పెద్ద పోటీల్లో దంతాల కవచంలో సెన్సర్లు అమర్చి, తలకు తగిలే తాకిడిని కొలుస్తున్నారు.

ఈ జాగ్రత్తలు రాకముందు ఆడిన తరం ఇప్పుడు కోర్టులో ఉంది. 2003లో ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచినప్పుడు ఫైనల్ ఆడిన హుకర్ స్టీవ్ థాంప్సన్‌కు నలభైల ఆరంభంలోనే మతిమరుపు వ్యాధి ఉన్నట్టు వైద్యులు తేల్చారు. 2020 డిసెంబరులో ఆయన బయటికి వచ్చి చెప్పిన మాట వినడానికే కష్టం: ఆ ఫైనల్ గెలిచిన జ్ఞాపకం ఆయనకు లేదు. ఒక ఆటగాడికి వృత్తి ఇవ్వగలిగిన అత్యున్నత క్షణాన్ని ఆ వృత్తే తిరిగి తీసేసుకుంది. ఆయనతో పాటు ఎందరో మాజీలు ప్రపంచ సంస్థ మీద, ఇంగ్లండ్, వేల్స్ సంఘాల మీద దావా వేశారు.

వివాదం ఎక్కడుందో స్పష్టంగా చూడాలి. పదే పదే తలకు తగిలే దెబ్బలు మెదడుకు హాని చేయగలవన్నది వైద్యులు తీవ్రంగా తీసుకుంటున్న విషయమే. ఆనాటికి ఏం తెలుసు, తెలిసినదాని మీద సంఘాలు చేయాల్సింది చేశాయా అన్నదే కోర్టు ముందున్న ప్రశ్న. ఆటగాళ్లు లేదంటున్నారు. ఎప్పటికప్పుడు అందుబాటులో ఉన్న వైద్య జ్ఞానం ప్రకారమే నడుచుకున్నామని సంఘాలు అంటున్నాయి. నిరూపణా సులువు కాదు. వరుస దెబ్బల వల్ల వచ్చే ఒక రకం మెదడు క్షీణతను చనిపోయాక మెదడును పరీక్షించి మాత్రమే నిర్ధారించగలరు.

ఇద్దరు యజమానుల సమస్య ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. క్లబ్బు లీగ్ మ్యాచ్‌లకు వాడుకుంటుంది, దేశం నవంబరుకూ ఫిబ్రవరికీ వేసవి పర్యటనకూ వాడుకుంటుంది. ఏడాది మొత్తం మీద ఎన్ని ఢీలు తగిలాయో లెక్క పెట్టే బాధ్యత ఎవరిది? ఐర్లండ్‌లో జవాబు తేలిక, యజమాని ఒక్కరే. ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో అది బేరసారాల మీద ఆధారపడుతుంది.

క్లబ్బే మూతపడితే?

జీతం చెప్పినంత ఇస్తారన్న నమ్మకం కూడా గట్టిది కాదు. 2022 అక్టోబరులో ఇంగ్లండ్‌లో వూస్టర్ ఆటగాళ్ల ఒప్పందాలు రద్దయ్యాయి. అదే నెలలో, రెండుసార్లు యూరప్ విజేతగా నిలిచిన వాస్ప్స్ దివాలా తీసి, ఒక్క రోజులో 167 మంది ఆటగాళ్లు, సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. 2023 జూన్‌లో లండన్ ఐరిష్ కూడా అదే దారి పట్టింది. 2024 సీజన్ తర్వాత ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ రెబెల్స్ మూతపడింది. సీజన్ మధ్యలో క్లబ్బు పోతే మిగతా క్లబ్బుల జీతాల పరిమితి అప్పటికే నిండి ఉంటుంది. తారకు ఫోన్లు వస్తాయి. మనం ముందు లెక్కవేసిన 29 ఏళ్ల మధ్యస్థాయి ఆటగాడు అద్దె ఇల్లు ఖాళీ చేయాలి.

అందుకే ఆట సాగుతుండగానే రెండో వృత్తికి పునాది వేసుకున్నవారి కథలు నాకు ప్రత్యేకంగా కనిపిస్తాయి. వేల్స్ సెంటర్ జేమీ రాబర్ట్స్ అంతర్జాతీయ మ్యాచ్‌ల మధ్యనే వైద్యవిద్య చదివి 2013లో డాక్టరయ్యాడు. 148 క్యాపుల రిచీ మెకా హెలికాప్టర్ పైలట్ అయ్యాడు. అందరికీ అంత వెసులుబాటు దొరకదు. 18 ఏళ్లకు శిక్షణ కేంద్రంలో చేరి, 24 ఏళ్లకు ఒప్పందం దొరక్క బయటపడే కుర్రాళ్ల పేర్లు మనకు తెలియనే తెలియవు.

మహిళల ఆటలో ఈ వృత్తి ఇంకా పసితనంలోనే ఉంది. ఇంగ్లండ్ సంఘం 15 మంది ఆట కోసం 28 మందికి పూర్తికాలపు ఒప్పందాలు ఇచ్చింది 2019లో. 2025 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన మహిళల ప్రపంచకప్ ఫైనల్‌ను 81,885 మంది చూశారు. ఇంగ్లండ్ చేతిలో 33-13తో ఓడిన కెనడా ఆ టోర్నీ ఖర్చుల కోసం విరాళాలు సేకరించుకుని వచ్చిన జట్టు.

మళ్లీ ఆర్360 దగ్గరికి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నగరం నుంచి నగరానికి తిరిగే కొద్ది మ్యాచ్‌ల లీగ్, పెద్ద జీతాలు, పురుషులకూ మహిళలకూ జట్లు, ఇవీ ఆర్360 మాటలు. అంతర్జాతీయ మ్యాచ్‌లకు ఆటగాళ్లను వదులుతామని కూడా నిర్వాహకులు అంటున్నారు. ఆటగాడి కోణంలో చూస్తే తక్కువ ఢీలు, ఎక్కువ డబ్బు. పైన చెప్పిన గాయాలను, మూతపడిన క్లబ్బులను గుర్తుంచుకుంటే ఆకర్షణ అర్థమవుతుంది.

సంఘాల కోణంలో చూస్తే ఇది 1995 నాటి పీడకల మళ్లీ రావడమే. ఆటగాళ్లను చిన్నప్పటి నుంచి తయారుచేసే ఖర్చు పాఠశాలలది, ఊరి క్లబ్బులది, సంఘాలది. తయారైన తారలను మాత్రం వేరొకరు తీసుకెళ్తే ఆ గొలుసు ఎక్కడో తెగుతుంది. సంఘాల చేతిలో ఉన్న ఆయుధం జెర్సీ ఒక్కటే. దాన్నే వాడాయి. కోర్టుకు వెళ్తే ఈ నిషేధం నిలుస్తుందా అన్న చర్చ కూడా మొదలైంది. 1977లో ప్యాకర్ క్రికెటర్ల మీద నిషేధాన్ని ఇంగ్లండ్ కోర్టు వృత్తిస్వేచ్ఛకు అడ్డంకి అని కొట్టివేసింది. అయితే అప్పటి బోర్డులు జట్టు ఎంపికకే పరిమితం కాలేదు, కౌంటీ క్రికెట్ ఉద్యోగం నుంచీ ఆటగాళ్లను దూరం పెట్టబోయాయి. ఫలానావాణ్ని ఎంపిక చేయబోమనడం, వాణ్ని పనిలోనే ఉంచుకోబోమనడం ఒకటేనా అన్నది తేలాల్సిన విషయం.

ఈలోగా ఆటగాళ్ల గడియారాలు నడుస్తూనే ఉన్నాయి. 2025లో 24 ఏళ్ల వింగ్ ఆటగాడు 2028కి 27లో ఉంటాడు. 2027లో ఆస్ట్రేలియాలో ప్రపంచకప్ ఆడి, దాని తర్వాత తీరిగ్గా నిర్ణయం తీసుకోవచ్చు. 2025లో 32లో ఉన్న టైట్‌హెడ్‌కు 2028 నాటికి 35 వస్తాయి. చేతిలో ఉన్న రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాలా, వాయిదా పడిన మాట కోసం ఆగాలా అన్నది అతను ఈ సీజన్లోనే తేల్చుకోవాలి.